మట్టి బండికి తారు చక్రాలు: ఈసారి ప్రశ్నలన్నీ సూపర్‌మోటో మీదే

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి సగం ఒకటే గోల. మట్టిలో పరిగెత్తే మోటోక్రాస్ బండినో ఎండ్యూరో బండినో 17 అంగుళాల తారు చక్రాల మీదకి ఎక్కించి కార్టింగ్ ట్రాక్‌లో తిప్పడం, అంటే సూపర్‌మోటో, ఎలా అని. మైలేజీ, బ్యాటరీ ప్రశ్నల వాళ్లు ఈ ఒక్కసారికి ఓపిక పట్టాలి. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను, మరీ పొడుగ్గా ఉన్నవాటిని కత్తిరించాను.

ప్రశ్న: నా దగ్గర నాలుగైదేళ్ల నాటి 450 సీసీ మోటోక్రాస్ బండి ఉంది. మట్టిలో తిప్పడం బాగా తగ్గిపోయింది. దాన్ని సూపర్‌మోటోగా మార్చి ట్రాక్ డేలకి వెళ్దామని ఆశ, రేసులు గెలిచేద్దామని కాదు. మంచి సైలెన్సర్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) ట్యూనింగ్‌తో మొదలుపెడదామనుకుంటున్నా. ఏమంటారు?

జవాబు: వద్దంటాను. 450 మోటోక్రాస్ ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టుగానే 50 హార్స్‌పవర్ పైన ఇస్తుంది, బండి బరువు చూస్తే 110 కిలోల చుట్టూ. కార్టింగ్ ట్రాక్‌లో ఆ శక్తి మొత్తం వాడుకునే చోటే దొరకదు. ఉన్న పవరే వాడలేని చోట ఇంకో రెండు హార్స్‌పవర్ కొనుక్కుని ఏం చేస్తారు? పైగా చాలా ట్రాకులకి శబ్దం మీద పరిమితి ఉంటుంది, కొత్త సైలెన్సర్‌తో గేటు దగ్గరే ఆగిపోయే అవకాశం కూడా ఉంది. ఆ డబ్బు చక్రాలకి, టైర్లకి, ముందు బ్రేకుకి పెట్టండి, అదీ ఈ వరసలోనే. ఇంజిన్ మీద ఖర్చు పెట్టాలని అంత దురదగా ఉంటే వాల్వ్ క్లియరెన్సులు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ) చూపించండి, కొత్త క్లచ్ ప్లేట్లు వేయించండి, ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపించే అవర్ మీటర్ ఒకటి తగిలించండి. తారు మీద ఇంజిన్ ఎక్కువసేపు ఎక్కువ ఆర్‌పీఎంలో ఉంటుంది, టైరు జారి ఒత్తిడి తగ్గించే మట్టి ఇక్కడ ఉండదు, కాబట్టి ఆయిల్ మార్చే గడువు మాన్యువల్‌లో ఉన్నదానికంటే ముందుకే జరపండి, వెనక్కి కాదు.

ఇక చక్రాలు. మీ బండికి ముందు 21, వెనక 19 అంగుళాల రిమ్ములు ఉంటాయి. ఆ కొలతల్లో తారు మీద పనికొచ్చే స్పోర్ట్ టైరు దొరకదు. అందుకే రెండూ 17 అవ్వాలి: ముందు 3.50 అంగుళాల వెడల్పు రిమ్ముకి 120/70-17 (120 మి.మీ. వెడల్పు, ఎత్తు అందులో 70 శాతం, 17 అంగుళాల రిమ్ము), వెనక 4.25 లేదా 4.50 రిమ్ముకి 150/60-17, లేదంటే 5.00 రిమ్ముకి 160/60-17. చూడ్డానికి 160 బాగుంటుంది, నిజమే. కానీ చాలా బండ్లలో, ముఖ్యంగా పాత జపాన్ మోడళ్లలో, ఆ టైరు అంచు చైనుకి తగులుతుంది, లేదంటే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) లోపలివైపు రాసుకుంటుంది. కొనే ముందు చైనుకీ టైరుకీ మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో అమ్మేవాళ్లని అడగండి. అదీ మీ బండి మోడల్, సంవత్సరం చెప్పి మరీ అడగండి. సందేహం ఉంటే 4.25 మీద 150 వేసుకోండి, ట్రాక్ డే రైడర్‌కి ఆ టైరు తక్కువేమీ కాదు.

ఉన్న హబ్బులకే కొత్త రిమ్ములు, పొట్టి స్పోకులు వేసి అల్లించుకోవచ్చా అని చాలామంది అడిగారు. అల్లించుకోవచ్చు, చవకే. కాకపోతే మట్టి చక్రాలు శాశ్వతంగా పోతాయి. వాడిన సెట్టు దొరికితే అదే మేలు, కానీ అందులో చూడాల్సింది రిమ్ము రంగు కాదు, యాక్సిల్ వ్యాసం, స్పేసర్లు (చక్రం పక్కన దూరం ఉంచే గొట్టపు ముక్కలు), డిస్కు బోల్టుల దూరం మీ బండికి సరిపోతాయా లేదా అని. చక్రం బాగుండి స్పేసర్ ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా డిస్కు కాలిపర్ (ప్యాడ్లతో డిస్కుని నొక్కే భాగం) మధ్యలో కూర్చోదు. అల్లిన కొత్త చక్రం అయితే మొదటి సెషన్ అయిపోగానే ప్రతి స్పోకునీ పానాతో మెల్లగా తట్టి చూడండి. బిగుతుగా ఉన్నది టింగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. మొదటి రోజు రెండు మూడు వదులవడం మామూలే, అదే చక్రం ప్రతి వారం వదులవుతుంటే మాత్రం అల్లినవాడి దగ్గరికే తీసుకెళ్లండి.

ఇదంతా ఈ మధ్య పుట్టిన పిచ్చి అనుకోకండి. 1979లో అమెరికాలో ఏబీసీ టీవీ కోసం కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో సూపర్‌బైకర్స్ అని ఒక పోటీ పెట్టారు. రోడ్ రేసర్లని, ఫ్లాట్ ట్రాక్ (చదునైన మట్టి ట్రాక్) వాళ్లని, మోటోక్రాస్ వాళ్లని ఒకే ట్రాక్‌లో, సగం తారు సగం మట్టిలో వదిలి, ఎవరు గొప్పో తేలుద్దాం అన్నది దాని వెనక ఆలోచన. 1985 తర్వాత అమెరికాలో అది ఆగిపోయింది కానీ అప్పటికే యూరప్ వాళ్లకి, ముఖ్యంగా ఫ్రాన్స్‌కి అంటుకుంది. అప్పటివాళ్లు కూడా ఎక్కువగా మోటోక్రాస్ బండ్లకే చక్రాలు మార్చుకుని వచ్చారు.

ప్రశ్న: ముందు 320 మి.మీ. డిస్కు, దానికి తగ్గ కాలిపర్ బ్రాకెట్ పెట్టించాను. ఇంత ఖర్చు పెట్టినా లీవర్ స్పాంజిలా లోపలికి దిగిపోతోంది. మాస్టర్ సిలిండర్ (లీవర్ దగ్గర ఫ్లూయిడ్‌ని తోసే భాగం) కూడా మార్చాలంటున్నాడు మెకానిక్. నిజంగా అవసరమా?

జవాబు: ముందు లెక్క చూద్దాం. 260 మి.మీ. డిస్కు నుంచి 320కి వెళ్తే ప్యాడు పట్టుకునే చోటు చక్రం మధ్య నుంచి దూరంగా జరుగుతుంది, మరోపక్క చక్రం సైజు 21 నుంచి 17కి తగ్గింది. ఈ రెండూ కలిసి అదే వేలి ఒత్తిడికి నేల దగ్గర బ్రేకు బలం దాదాపు 40 శాతం పెరగాలి. అంటే కంపెనీ కాలిపర్‌తో కూడా మీకు తేడా కొట్టొచ్చినట్టు తెలియాలి. తెలియడం లేదంటే పార్టు తక్కువై కాదు, ఎక్కడో గాలి ఉంది, లేదా బ్రాకెట్ వంకరగా కూర్చుంది.

ఇలా చూడండి. ముందు చక్రాన్ని పైకి లేపి, ప్యాడ్లని డిస్కు అంచు దగ్గర గమనించండి. ప్యాడు పై అంచు డిస్కు అంచుకి సమానంగా ఉండాలి. బయటికి పొడుచుకొస్తే ఆ భాగం అరగకుండా మెట్టులా మిగిలిపోయి, కొన్నాళ్లకి రెండు ప్యాడ్ల మెట్లూ ఒకదాన్నొకటి ఢీకొంటాయి. తర్వాత వెనక నుంచి చూస్తూ లీవర్ మెల్లగా నొక్కండి. డిస్కు ఒక పక్కకి వంగుతూ కనిపిస్తే కాలిపర్ మధ్యలో లేనట్టే. ప్యాడు ఏటవాలుగా తాకినా, పిన్నుల మీద కాలిపర్ సాఫీగా జరగకపోయినా లీవర్ మెత్తగానే ఉంటుంది, మీరు ఎంత బ్లీడ్ చేసినా (బ్రేకు గొట్టాల్లోని గాలి తీసినా) సరే.

అది సరిగ్గా ఉంటే బ్లీడింగ్. బుడగలు ఎప్పుడూ ఎత్తైన చోటే దాక్కుంటాయి, అంటే మాస్టర్ సిలిండర్ దగ్గర, బ్రేకు గొట్టాన్ని బిగించే బాంజో బోల్టులో. హ్యాండిల్‌ని తిప్పి ఆ బోల్టు కంటే రిజర్వాయర్ ఎత్తులో ఉండేలా చేసి, లీవర్‌ని చిన్నచిన్నగా అరంగుళం మాత్రమే ఆడించండి. సన్నటి బుడగలు పైకి తేలడం మీకే కనిపిస్తుంది. అన్నీ అయ్యాక లీవర్‌ని హ్యాండిల్‌కి కట్టేసి ఒక రాత్రి వదిలేస్తే మిగిలినవి కూడా చాలావరకు పైకొస్తాయి. ఫ్లూయిడ్ కొత్త డబ్బా డాట్ 4 లేదా 5.1 వాడండి. డాట్ 5 అంటే సిలికాన్‌ది, అది వేరే జాతి, వీటితో కలపకూడదు. పాత రబ్బరు గొట్టం ఉంటే స్టీల్ అల్లికది వేయించండి, మాస్టర్ సిలిండర్ కంటే ముందు అదే మార్చాలి.

రేసు బండ్లకి ఉండే నాలుగు పిస్టన్ల రేడియల్ కాలిపర్ పెడితే అప్పుడు మాస్టర్ సిలిండర్ కూడా పెద్దది కావాలి, ఎందుకంటే చిన్నది అన్ని పిస్టన్లని కదిలించేంత ఫ్లూయిడ్ తోయలేదు. మీది పాత కాలిపరే కాబట్టి మీ మెకానిక్ మాట ఇప్పటికి పక్కన పెట్టండి. పెద్ద మాస్టర్ సిలిండర్ లీవర్‌ని గట్టిపరుస్తుంది కానీ బ్రేకు బలాన్ని తగ్గిస్తుంది, ఈ సంగతి చాలామంది మెకానిక్కులు చెప్పరు. ఇంకొకటి, కొత్త డిస్కుకి పాత ప్యాడ్లు వేయకండి. కొత్త ప్యాడ్లేసి, మొదటి పదిహేను ఇరవై సార్లు మధ్యరకం స్పీడు నుంచి పూర్తిగా ఆపకుండా నెమ్మదిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పట్టు రానివ్వండి. పట్టు వచ్చే వరకు ఎవరితోనూ పందేలు పెట్టుకోవద్దు.

ప్రశ్న: సార్, చక్రాలు మార్చినప్పటి నుంచి బండి తిరగడం బాగా తిరుగుతోంది కానీ స్ట్రెయిట్‌లో ముందు భాగం అటూఇటూ ఊగుతోంది. బ్రేకు పట్టగానే ముక్కు నేలకి కుంగిపోతోంది. మలుపు మధ్యలో ముందు చక్రం గడగడలాడుతుంది. సస్పెన్షన్ మొత్తం మార్చేయాలా?

జవాబు: మూడు జబ్బులు చెప్పారు, మూడింటికీ మందు వేరు.

ఊగడం సంగతి ముందు. 80/100-21 టైరు తీసి 120/70-17 పెడితే ముందు యాక్సిల్ నేలకి 47 మి.మీ. దగ్గరవుతుంది. వెనక 110/90-19 నుంచి 160/60-17కి వచ్చేసరికి తగ్గేది 28 మాత్రమే. అంటే ముందు భాగం వెనకకంటే దాదాపు 2 సెంటీమీటర్లు ఎక్కువ దిగింది, ఫోర్కు (ముందు సస్పెన్షన్ గొట్టాలు) ఆ మేరకు నిటారుగా అయింది, పైగా చక్రమే చిన్నదైంది కాబట్టి ట్రెయిల్ (స్టీరింగ్ ఇరుసు గీత నేలని తాకే చోటుకీ టైరు తాకే చోటుకీ మధ్య దూరం, బండిని తిన్నగా నిలిపేది అదే) బాగా తగ్గిపోయింది. అందుకే చటుక్కున తిరుగుతోంది, అందుకే ఊగుతోంది. ఫ్యాక్టరీ నుంచే సూపర్‌మోటోగా వచ్చే బండ్లలో ట్రిపుల్ క్లాంపు (ఫోర్కు గొట్టాల్ని పట్టే భాగం) ఆఫ్‌సెట్, అంటే ఫోర్కు స్టీరింగ్ ఇరుసుకి ఎంత ముందుందో ఆ దూరం, తగ్గించి ఆ ట్రెయిల్‌ని వెనక్కి తెస్తారు. మీరు అంత దూరం పోనక్కర్లేదు. ఫోర్కు గొట్టాలు పై క్లాంపు నుంచి ఎంత బయటికి వచ్చాయో చూడండి, మట్టిలో చురుగ్గా తిరగడానికి చాలామంది 5 మి.మీ.కి పైగా పైకి లాగి పెడతారు. వాటిని క్లాంపుకి సమానంగా దించండి. వెనక రైడర్ సాగ్‌ని (మీరు కూర్చుంటే వెనక ఎంత దిగుతుందో ఆ కొలతని) మోటోక్రాస్ కొలత 100–105 మి.మీ. దగ్గరే ఉంచండి, తారు మీదకి వచ్చాం కదా అని వెంటనే తగ్గించకండి. తగ్గిస్తే వెనక లేచి, ఫోర్కు ఇంకా నిటారై, అసలుకే ఎసరొస్తుంది. స్టీరింగ్ హెడ్ బేరింగులు వదులుగా ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి అది కూడా చూసుకోండి.

కుంగడానికి కారణం, 300 మి.మీ. ప్రయాణం ఉన్న ఫోర్కుని ఎత్తు నుంచి దూకినా తట్టుకోవడానికి తయారు చేశారు, పొడవాటి బ్రేకింగ్‌కి కాదు. లో స్పీడ్ కంప్రెషన్‌ని (ఫోర్కు మెల్లగా కుంగేటప్పుడు అడ్డే మరని) ఇప్పుడు ఉన్న చోటు రాసుకుని, మూడు నాలుగు క్లిక్కులు బిగించి ఒక సెషన్ తిప్పండి. సరిపోకపోతే ఇంకో రెండు. చివరి క్లిక్కు దాకా బిగించినా కుంగుతూనే ఉంటే అప్పుడు మీ బరువుకి తగ్గ గట్టి స్ప్రింగులు వేయించాలి. లోపల స్పేసర్లు వేయించి ఫోర్కు, షాక్ ప్రయాణం తగ్గించడం అనేది ఆ తర్వాతి మెట్టు, దానివల్ల బండి కింద కూర్చుని బాగా తిరుగుతుంది నిజమే, కానీ మళ్లీ మట్టిలోకి తీసుకెళ్లాలంటే మొత్తం విప్పాలి.

గడగడ మాత్రం చాలాసార్లు సస్పెన్షన్ తప్పు కాదు. మట్టి చక్రాన్ని ఎవరూ బ్యాలెన్స్ చేయించరు, తారు చక్రానికి అది తప్పనిసరి. టైర్లో గాలి ఎక్కువైనా, చక్రం బేరింగు అరిగినా, స్పోకులు వదులైనా ఇదే వస్తుంది. ఇవన్నీ సరిగ్గా ఉంటే రీబౌండ్ (కుంగిన ఫోర్కు తిరిగి లేచే వేగాన్ని అదుపుచేసే మర) చూడండి. మరీ బిగించేసి ఉంటే ఫోర్కు ఒక గతుకు నుంచి తేరుకునేలోపే రెండోది వచ్చి పడుతుంది. రెండు క్లిక్కులు వదులు చేసి చూడండి. ఒకసారికి ఒకటే మార్చండి, అన్నీ కలిపి తిప్పేస్తే దేనివల్ల ఏమైందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: ఒక రేసర్ వాడి తీసేసిన స్లిక్‌లు (గాడులు లేని రేసు టైర్లు) తక్కువకి ఇస్తానంటున్నాడు. తీసుకోనా?

జవాబు: సైడ్ వాల్ మీద ఏం రాసి ఉందో చూశారా? సూపర్‌మోటో ముందు స్లిక్‌లు చాలా మటుకు 420 అని రాసి వస్తాయి. అది మిల్లీమీటర్లలో రిమ్ము వ్యాసం, అంటే 16.5 అంగుళాలు. మీ 17 అంగుళాల రిమ్ముకి అది ఎక్కదు, బలవంతంగా ఎక్కించబోతే బీడ్ (రిమ్ముని పట్టే టైరు అంచు) తెగుతుంది. చవకగా వచ్చిందని తెచ్చుకుని మూలన పడేసిన వాళ్లు చాలామందే ఉన్నారు.

సైజు సరిపోయిందే అనుకుందాం, అప్పుడు కూడా మీకు వద్దు. స్లిక్‌కి పట్టు రావాలంటే అది వేడెక్కాలి, వేడెక్కాలంటే టైర్ వార్మర్లు, జనరేటరు ఉండాలి, ట్రాక్‌లోకి దిగాక ఆ వేడిని నిలబెట్టే వేగంతో తిప్పాలి. కొత్త రైడర్ రెండు ల్యాపులు నెమ్మదిగా వేసేసరికి అది చల్లబడి గాజు మీద నడిచినట్టు జారుతుంది. గాడులున్న స్పోర్ట్ టైర్లు, వాటిలో సూపర్‌మోటో కోసమే చేసేవి కూడా ఉన్నాయి, త్వరగా వేడెక్కుతాయి, పట్టు పోయే ముందు చెప్పి పోతాయి. నేర్చుకునే వాడికి ఈ రెండో గుణం చాలా ముఖ్యం.

గాలి విషయంలో పెద్ద రోడ్డు బండి అంకెలు ఇక్కడ పనికిరావు, బండి బరువు దాదాపు సగమే కదా. టైరు కంపెనీ సూపర్‌మోటోకి ఇచ్చిన అంకె ఉంటే అదే పట్టుకోండి. లేకపోతే స్పోర్ట్ టైర్లకి చల్లగా ఉన్నప్పుడు 26–28 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, సెషన్ నుంచి రాగానే, హెల్మెట్ కూడా తీయకముందే, మళ్లీ కొలవండి. స్పోకుల రిమ్ములకి సాధారణంగా ట్యూబు ఉండాలి, సరిగ్గా ఆ సైజుదే వేయించండి. మట్టి రిమ్ముకి ఉండే రిమ్ లాక్ (టైరు రిమ్ము మీద జారకుండా పట్టే బిగింపు) ఇక్కడ అక్కర్లేదు, బ్యాలెన్స్ చెడగొట్టడం తప్ప దానికి వేరే పని ఉండదు.

ప్రశ్న: స్ప్రాకెట్లు కూడా మార్చాలా? ఇప్పుడు ముందు 13, వెనక 48 ఉన్నాయి.

జవాబు: మార్చాలి. వెనక చక్రం చుట్టుకొలత 8 శాతం దాకా తగ్గింది, కాబట్టి మునుపటి లెక్కకి రావాలన్నా వెనక 44 పళ్లు కావాలి. తారు మీద ఇంకా కొంచెం పొడవు గేరు బాగుంటుంది, 14/44తో మొదలుపెట్టండి. ట్రాక్‌లో పొడవాటి స్ట్రెయిట్ చివర, బ్రేకు పట్టే చోటుకి కాస్త ముందు, టాప్ కంటే ఒక గేరు కింద ఇంజిన్ దాదాపు పూర్తిగా తిరిగితే చాలు. ముందు ఒక పన్ను వెనక మూడున్నర పళ్లతో సమానం, కాబట్టి సన్నటి తేడాలకి వెనకదే మార్చండి. చైను బిగువు మాత్రం మళ్లీ కొత్తగా చూసుకోవాలి. వెనక యాక్సిల్, స్వింగ్ ఆర్మ్ పివట్, ముందు స్ప్రాకెట్ మూడూ ఒకే వరసలోకి వచ్చేలా బండిని కిందకి నొక్కించి, అప్పుడు చూడండి. చైను అత్యంత బిగుతుగా ఉండేది అక్కడే.

ప్రశ్న: మొదటి ట్రాక్ డేకి వెళ్తే తనిఖీలోనే వెనక్కి పంపేశారు. రేడియేటర్లో ఆకుపచ్చ కూలెంట్ ఉందన్నారు, ఫుట్‌పెగ్గులకి (కాళ్లు పెట్టే కడ్డీలకి) ఏవో లేవన్నారు. మూడు గంటలు డ్రైవ్ చేసుకుని పోయినవాణ్ణి, ఉత్తపుణ్యానికి ఇంటికొచ్చేశాను. ఇది మరీ ఓవర్ కాదా?

జవాబు: బాధ అర్థమవుతోంది కానీ ఈ విషయంలో నేను తనిఖీ చేసినవాళ్ల పక్షమే. కూలెంట్‌లో గ్లైకాల్ ఉంటుంది, అది తారు మీద పడితే తుడిచినా పోదు, ఆరదు. నీళ్లయితే కాసేపటికి ఆరిపోతాయి. మీరు పడిపోతే మీ రేడియేటరు పగిలి మీ వెనక వస్తున్న నలుగురు పడతారు, మధ్యాహ్నం సెషన్ మొత్తం ఆగిపోతుంది. కాబట్టి శుభ్రంగా ఖాళీ చేసి, రెండు సార్లు నీళ్లతో కడిగి, డిస్టిల్డ్ వాటరు, దానికి గ్లైకాల్ లేని తుప్పు నిరోధక ద్రవం పోయండి. నీళ్లకి మరిగే ఉష్ణోగ్రత తక్కువ కాబట్టి రేడియేటరు మూత సీలు బాగుండాలి, గడ్డకట్టే చలి ఉన్న చోట బండి పెట్టేవాళ్లు నీళ్లు దించేసి పెట్టాలి.

మిగతావి కూడా ఒకేసారి చూసేసుకోండి, మళ్లీ మూడు గంటలు పోకుండా. రేడియేటరు ఓవర్‌ఫ్లో గొట్టానికీ, ఇంజిన్ లోపలి ఆవిరి వదిలే బ్రీదర్‌కీ ఒక్కో క్యాచ్ బాటిల్, గట్టిగా బిగించినది, గొట్టం దిగేసినట్టు కాకుండా. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ఆయిల్ పోసే మూత, ఫిల్టర్ కవర్ బోల్టులు, కాలిపర్ బోల్టులు సేఫ్టీ వైరుతో కట్టి ఉండాలి. బోల్టు తలకి సుమారు 1 మి.మీ. కన్నం వేసి, 0.8 మి.మీ. స్టెయిన్‌లెస్ వైరు దూర్చి, రెండు పోగుల్నీ పేని, బోల్టు విడిపోవాలని చూస్తే వైరు దాన్ని బిగించే వైపుకే లాగేలా కట్టాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. ఎంత అందంగా పేనినా, వదులయ్యే వైపుకి లాగేలా కడితే ఉండీ లేనట్టే. తనిఖీ చేసేవాడు ముందు చూసేది కూడా అదే.

పెగ్గుల సంగతి. మోటోక్రాస్ పెగ్గులకి బూటు జారకుండా పదునైన పళ్లుంటాయి. బండి పడి జారితే అవి తారుని దున్నేస్తాయి, దానికి బిల్లు వేసే ట్రాకులు కూడా ఉన్నాయి. పెగ్గు చివరలకి, యాక్సిల్ చివరలకి, హ్యాండిల్ చివరలకి నైలాన్ స్లైడర్లు బిగించండి. ఇవి బండిని కూడా కాపాడతాయి, ఒక్కసారి పడితే మొత్తం సెట్టు ఖరీదు వచ్చేస్తుంది. సైడ్ స్టాండు విప్పేయండి, వెనక స్ప్రాకెట్‌లో వేళ్లు పోకుండా స్వింగ్ ఆర్మ్ కింద రెక్కలాంటి గార్డు పెట్టండి. నిబంధనల కాగితం ట్రాకు ట్రాకుకీ మారుతుంది, బయల్దేరే ముందు రోజు కాదు, రెండు వారాల ముందు తెప్పించుకోండి.

ప్రశ్న: మా ఆయన గ్యారేజీలో ఈ బండి మీదే పడి ఉంటున్నారు. బండికి ఇంత పెట్టి, వేసుకునేది మాత్రం పాత మోటోక్రాస్ జెర్సీ, ప్యాంటేనట. అడిగితే అదే స్టైల్ అంటున్నారు. మీరైనా చెప్పండి.

జవాబు: చెప్తానమ్మా, ఈ పేజీ ఆయన ముందు తెరిచి పెట్టండి. అన్నా, జెర్సీ గుడ్డ మట్టిలో దుమ్ము ఆపడానికి. తారు మీద జారితే అది చిరిగిపోవడమే కాదు, కరిగిపోతుంది, చర్మానికి అతుక్కుని. ఒకే ముక్కగా ఉండే లెదర్ సూటు, లోపల బ్యాక్ ప్రొటెక్టర్, మణికట్టు దాటే లెదర్ గ్లౌజులు, ఇవి తప్పనిసరి. హెల్మెట్, గాగుల్స్ మోటోక్రాస్‌వే వాడొచ్చు, ఈ ఆటలో చాలామంది అదే వాడతారు. బూట్లు కూడా మోటోక్రాస్‌వే, కాకపోతే మలుపులో కాలు బయటపెట్టి నేల మీద ఆనిస్తారు కాబట్టి అడుగు అరిగిపోతుంది, అరిగితే మార్చుకునే ప్లాస్టిక్ స్లైడర్ ఉన్న బూట్లు ఎంచుకోండి. సైలెన్సర్ కోసం దాచిన డబ్బుంటే ఈ సూటుకి సరిగ్గా సరిపోతుంది.

ప్రశ్న: మలుపుకి ముందే వెనక చక్రాన్ని పక్కకి జార్చుకుంటూ వస్తారే, అది నాకు రావడం లేదు. ప్రయత్నిస్తే వెనక చక్రం టకటకా ఎగురుతోంది. స్లిప్పర్ క్లచ్ (ఇంజిన్ బ్రేకింగ్ ఎక్కువైతే తనంతట తనే జారే క్లచ్) ఉంటేనే వస్తుందా?

జవాబు: స్లిప్పర్ క్లచ్ ఉంటే సులువు, లేకపోయినా వస్తుంది. ముందు దాని వెనకున్న పనితనం తెలుసుకోండి. గట్టిగా ముందు బ్రేకు పట్టినప్పుడు బరువంతా ముందుకి వెళ్లి వెనక చక్రం తేలికవుతుంది. అప్పుడు ఒకటో రెండో గేర్లు దించి క్లచ్‌ని నెమ్మదిగా వదిలితే, ఇంజిన్ వెనక చక్రాన్ని రోడ్డు వేగం కంటే నెమ్మదిగా తిప్పుతుంది, అది జారుతుంది, బండిని కొంచెం వాల్చి ఉంచితే పక్కకి జారుతుంది. మీకు ఎగురుతోందంటే క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తున్నారు, లేదా గేరు మరీ ముందే దించేస్తున్నారు. చక్రం పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంటోంది. లీవర్‌ని ఒక వేలితో, పూర్తిగా వదలకుండా, పట్టు మొదలయ్యే ఆ కొద్ది భాగంలోనే నిలిపి ఉంచండి. ఐడిల్ కొంచెం పెంచుకుంటే కూడా సాయపడుతుంది. వెనక బ్రేకుని పాదం బరువు ఆనీ ఆననట్టుగా తాకించాలి, తొక్కితే పని అయిపోయినట్టే.

మొదట తిన్నగా వెళ్తూ, బండి నిటారుగా ఉండగానే, వెనక చక్రం కాస్త జారేలా అలవాటు చేసుకోండి, మలుపుల్లో తర్వాత. జారుతున్న చక్రానికి భయపడి క్లచ్ ఒక్కసారిగా లాగేసినా, బ్రేకు ఒక్కసారిగా వదిలేసినా పట్టు మళ్లీ తగులుకుని బండి మిమ్మల్ని అటువైపు విసిరేస్తుంది, ఎముకలు విరిగేది ఎక్కువగా ఆ రకం పడిపోవడంలోనే. నిజం చెప్పాలంటే మీ ల్యాప్ టైం తగ్గాలంటే ఇది చివరగా నేర్చుకోవాల్సిన విద్య. ముందు ఒకే చోట బ్రేకు పట్టడం, బండిని కిందకి వాల్చి మీరు పైన కూర్చోవడం, మోచెయ్యి ఎత్తి ఉంచడం, ఇవి వస్తే సెకన్లు వాటంతటవే తగ్గుతాయి. ఇరుకు మలుపుల్లో కాలు బయటికి, వేగంగా పోయే మలుపుల్లో రెండు కాళ్లూ పెగ్గుల మీదే.

ప్రశ్న: 250 టూ స్ట్రోక్ ఉంది, పనికొస్తుందా?

జవాబు: బాగా పనికొస్తుంది, తేలిక, రిపేరు చవక. రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఇంజిన్ బ్రేకింగ్ దాదాపు ఉండదు, కాబట్టి పై ప్రశ్నలో చెప్పిన జారుడు వెనక బ్రేకుతోనే తెచ్చుకోవాలి. రెండోది, టూ స్ట్రోక్‌కి ఆయిల్ అందేది పెట్రోలుతో పాటే. పొడవాటి స్ట్రెయిట్ చివర థ్రాటిల్ మూసేసి ఇంజిన్ ఇంకా గిర్రున తిరుగుతుంటే ఆ క్షణాన ఆయిల్ అందదు, సీజ్ అయ్యేది (పిస్టన్ పట్టేసేది) అక్కడే. మెయిన్ జెట్ (కార్బురేటర్లో పెట్రోలు వెళ్లే కన్నం) ఒక సైజు పెద్దది వేయండి, బ్రేకు పట్టేటప్పుడు క్లచ్ కూడా లాగి, వీలైతే ఒకసారి థ్రాటిల్ కొంచెం ఊదండి.

ప్రశ్న: వారం తారు, వారం మట్టి అన్నట్టు రెండూ చేయాలనుంది. మార్చడానికి ఎంత టైం పడుతుంది?

జవాబు: రెండు చక్రాల సెట్లకీ వాటి సొంత డిస్కులు, సొంత వెనక స్ప్రాకెట్ ఉంటే అలవాటైన చేతికి ఒక గంట. ముందు కాలిపర్ బ్రాకెట్ మారుతుంది కాబట్టి ఆ బోల్టుల్ని ప్రతిసారీ టార్క్ రెంచితో బిగించండి. ప్యాడ్లు కూడా డిస్కుకి ఒక సెట్టు చొప్పున విడిగా, దేనికేదో రాసి సంచిలో పెట్టుకోండి. వెనక స్ప్రాకెట్ల మధ్య మూడు నాలుగు పళ్ల తేడానే ఉంటే అదే చైను రెండింటికీ సరిపోతుంది, అంతకంటే ఎక్కువైతే రెండో చైను కొనండి. క్లిక్కుల సంఖ్య రెండు కాలమ్‌లుగా రాసి ఎయిర్‌బాక్స్ మూత లోపల అతికించండి. బండి బయటికి తీసే ముందు బ్రేకు లీవర్‌ని గట్టిబడే దాకా నాలుగైదు సార్లు నొక్కండి, చక్రం మార్చిన తర్వాత ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటాయి, మొదటి నొక్కుకి అక్కడ ఏమీ ఉండదు.